95 డిగ్రీల ప్రాసెసర్: వేడి ఎక్కడ చిక్కుకుంటోంది?

కొత్త డెస్క్‌టాప్ బిగించుకున్నాక చాలామంది మొదట చేసే పని, ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి పక్కన పెట్టుకోవడం. వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే అంకె 60, 75, 88 దాటుకుంటూ వెళ్లి 95 దగ్గర నిలబడుతుంది. ఇక టెన్షన్ మొదలు. చిప్ మీద బిగించే కూలర్ సరిగా కూర్చోలేదా, రెంటి మధ్యా రాసే పేస్ట్ చాలలేదా, ఇంత డబ్బు పోసి కొన్న చిప్ మాడిపోతుందా అని. ఆ రాత్రే ఇంకా పెద్ద కూలర్ల ధరలు వెతుకుతారు. తీరా ఆ పెద్ద కూలర్ కొని బిగించాక కూడా అంకె 95 దగ్గరే కనబడితే ఏం చేయాలో పాలుపోదు.

నిజానికి అక్కడ ఏదీ చెడిపోలేదు. ఏఎండీ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన రైజెన్ 9 7950ఎక్స్‌నే తీసుకుందాం. దానికి రెండు హద్దులు ఉంటాయి. సాకెట్ (మదర్‌బోర్డ్ మీద చిప్ కూర్చునే గూడు) నుంచి లాగగలిగే కరెంటు 230 వాట్లు, తట్టుకోగలిగే వేడి 95 డిగ్రీలు. పని ఎక్కువైనప్పుడు ఈ రెంటిలో ఏదో ఒక హద్దు తగిలేదాకా అది వేగం పెంచుకుంటూనే పోతుంది. కూలర్ బాగుంటే, మిగిలిన ఆ కాస్త చల్లదనాన్ని కూడా వేగంగా మార్చుకుంటుంది. అందుకే కూలర్ మార్చినా అంకె కదలదు, గడియార వేగం (క్లాక్ స్పీడ్) మాత్రం కొంచెం పెరుగుతుంది. ఈ చిప్ 95 దగ్గర పనిచేయడం తాము అనుకున్నదేనని ఆ సంస్థ విడుదల సమయంలోనే చెప్పింది. ఇంటెల్ కోర్ ఐ9 14900కె హద్దు ఇంకా పైన, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది.

(మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు. ఇక్కడ చెప్పుకుంటున్నది దాని లోపల మదర్‌బోర్డ్ మీద కూర్చున్న చిప్ గురించి.)

మాడిపోతుందన్న భయం పూర్వకాలం నుంచి వచ్చింది. అప్పట్లో అది ఉత్త భయం కూడా కాదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) ఊడదీసి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియం 4 తన వేగాన్ని తగ్గించుకుని బతికి బయటపడింది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కుతూ కాలిపోయింది. ఇప్పటి చిప్‌లన్నిటిలోనూ సెన్సర్లు ఉంటాయి. హద్దు దాటబోతుంటే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే మిషన్‌ను ఆపేస్తాయి. కాబట్టి ఈ రోజు వేడి సమస్య అంటే ప్రధానంగా మూడే: డబ్బు పెట్టి కొన్న వేగం చేతికి అందకపోవడం, ఫ్యాన్ల హోరు, గది ఉడికిపోవడం.

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. అగరుబత్తి కొనన వందల డిగ్రీలు ఉంటుంది, అయినా గది వేడెక్కదు. బకెట్టుడు గోరువెచ్చని నీళ్లలో దానికంటే ఎన్నో రెట్లు వేడి ఉంటుంది. గదిని వేడెక్కించేది, ఫ్యాన్లను పరిగెత్తించేది తెర మీద కనబడే డిగ్రీలు కావు, చిప్ మింగే వాట్లు. 95 డిగ్రీల దగ్గర 90 వాట్లు తినే చిప్ కన్నా, 80 డిగ్రీల దగ్గర 230 వాట్లు తినే చిప్ గదిని ఎక్కువ ఉడికిస్తుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే కూలర్ల గురించి జరిగే వాదనల్లో సగం తేలిపోతాయి.

మరి కొత్త చిప్‌లు ఇంత త్వరగా ఎందుకు కాగుతున్నాయి? వాట్లు పెరగడం ఒక కారణం. వాటిని పుట్టించే చోటు కుంచించుకుపోవడం అంతకన్నా పెద్ద కారణం. 7950ఎక్స్‌లో లెక్కలు చేసే కోర్లు రెండు ముక్కల మీద ఉంటాయి. ఒక్కో ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. పూర్తి లోడ్‌లో దాని నుంచి సుమారు 100 వాట్లు పుట్టుకొస్తాయి. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 140 వాట్లు. వంటింట్లో 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను ఫుల్‌లో పెట్టినా, 18 సెంటీమీటర్ల గిన్నె అడుగున చదరపు సెంటీమీటరుకు పడేది 8 వాట్లే. గోరంత సిలికాన్ మీద స్టవ్ కంటే పదిహేను రెట్లకు మించిన సాంద్రతతో వేడి పుడుతోంది. కూలర్ ఎంత పెద్దదైనా ముందు ఆ గోరంత చోటు నుంచి వేడి దాని దాకా చేరాలి కదా. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ దారిలో మొదట వచ్చేది సిలికాన్. తర్వాత దాన్ని మూతకు అతికించే టంకం, ఆ పైన రాగి మూత, మూత మీద మనం రాసే థర్మల్ పేస్ట్, చివరకు కూలర్ అడుగు. ఇంటెల్ 2012లో ఐవీ బ్రిడ్జ్ చిప్‌లకు మూత కింద టంకం మానేసి పేస్ట్ వాడటం మొదలుపెట్టింది. ఎక్కువ వేగానికి పోదామనుకున్నవాళ్లు కొన్నేళ్లపాటు బ్లేడుతో మూతలు ఊడదీసి, లోపలి పేస్ట్ మార్చుకున్నారు. 2018లో ఐ9 9900కె తో మళ్లీ టంకం వచ్చింది. ఏఎండీ కొత్త సాకెట్ ఎఎం5 చిప్‌లది ఇంకో కథ. పాత ఎఎం4 కూలర్లే కొత్త సాకెట్‌కూ సరిపోవాలని మొత్తం ఎత్తును మార్చకుండా ఉంచారు. దాంతో మూత మందం పెంచక తప్పలేదు. పాత కూలర్ పనికొచ్చింది గానీ, వేడి దాటాల్సిన గోడ లావైంది. ఈ రాజీ కొనుగోలుదారుకి లాభమా నష్టమా అంటే, కూలర్ ధర మిగిలినవాళ్లకి లాభమే. కొన్ని డిగ్రీల తేడా వల్ల పని ఆగిపోదు.

గేములాడేవాళ్లకు ఇష్టమైన ఏఎండీ ఎక్స్3డి చిప్‌లలో ఈ గోడ మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 2023లో వచ్చిన 7800ఎక్స్3డి లో అదనపు క్యాష్ మెమరీని (కోర్లకు వెంటనే అందే చిన్న, వేగమైన మెమరీ) కోర్ల ముక్క నెత్తిన పేర్చారు. వేడి పైకి వెళ్లే దారికి అది అడ్డం. ఆ చిప్‌కు హద్దును 89 డిగ్రీలకే కుదించారు. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డి లో ఆ క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు. కోర్లు మూతకు దగ్గరయ్యాయి, వేగమూ పెరిగింది, హద్దూ మళ్లీ 95కు చేరింది. కూలర్‌ను ముట్టుకోకుండానే, పొరల వరస మార్చినందుకే ఇంత తేడా వచ్చింది.

మన చేతిలో ఉన్న పొర ఒక్కటే, థర్మల్ పేస్ట్. చూడ్డానికి నున్నగా ఉన్నా మూతకూ కూలర్ అడుగుకూ మధ్య కంటికి కనబడని గుంటలు ఉంటాయి. వాటిలో గాలి నిలుస్తుంది. వేడిని మోయడంలో గాలి రాగిలో పదివేలో వంతుకు కూడా సరిపోదు. పేస్ట్ ఆ గాలిని తరిమేసి దాని చోట్లో కూర్చుంటుంది. పేస్ట్ కూడా గొప్ప వాహకమేమీ కాదు, రాగితో పోలిస్తే చాలా వెనకబడినదే. అందుకే పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిది. బఠాణీ గింజంత చుక్క మధ్యలో పెట్టి కూలర్‌తో నొక్కితే చాలు, అది తనంతట పరుచుకుంటుంది. పెద్ద మూతలకు ఇంటూ గుర్తులా రెండు గీతలు గీస్తే మూలలకు కూడా అందుతుంది. ఖరీదైన పేస్ట్‌కూ మామూలు పేస్ట్‌కూ మధ్య తేడా సాధారణంగా రెండు మూడు డిగ్రీలు మించదు. కానీ కూలర్ ఒక పక్కకి వాలి కూర్చుంటే పోయేది పదులలో ఉంటుంది.

అలా వాలడం చాలా మామూలుగా జరిగేదే. ఇంటెల్ పెట్టెలో ఇచ్చే గుండ్రటి కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. ఒక్కోదాన్నీ టక్‌మని శబ్దం వచ్చేదాకా, ఐమూలగా, అంటే ఒకటి తర్వాత దాని ఎదురు మూలది నొక్కాలి. మూడు పడి నాలుగోది పడకపోయినా పైనుంచి చూస్తే తేడా తెలియదు. బోర్డ్ వెనక్కి తిప్పితే తెలుస్తుంది: మూడు రంధ్రాల్లో తెల్లటి కాళ్లు విచ్చుకుని కనిపిస్తాయి, నాలుగోదాంట్లో అంచు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కొత్త మిషన్ ఊరికే ఖాళీగా ఉన్నప్పుడే 70 చూపిస్తోందంటే ముందు చూడాల్సింది ఇదే. రెండోది, కూలర్ అడుగున అంటించి పంపే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. దాన్ని ఒలవకుండానే పేస్ట్ రాసి బిగించినవాళ్లు చాలామంది ఉన్నారు. పాత కూలర్ విప్పేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంటుంది. ఎఎం4 చిప్‌లకు కింద సన్నటి సూదుల్లాంటి కాళ్లు ఉంటాయి. మూడు నాలుగేళ్లకు పేస్ట్ గట్టిపడి బంకలా పట్టేస్తుంది. కూలర్‌ను నిటారుగా లాగితే చిప్ కూడా దాన్ని పట్టుకుని సాకెట్‌లోంచి ఊడొచ్చేస్తుంది, కాళ్లు వంగుతాయి. విప్పే ముందు ఓ పది నిమిషాలు మిషన్‌ను లోడ్‌లో నడిపి పేస్ట్‌ను వేడెక్కించాలి. తర్వాత కరెంటు తీసేసి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేయాలి. ఈ ఓపిక లేక పోయిన చిప్‌లను తలచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

కూలర్ అడుగుకు వేడి చేరాక దారి సుఖమవుతుంది. అక్కడి నుంచి కూలర్ పలచటి అల్యూమినియం రెక్కలదాకా మోసేవి హీట్ పైపులు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో రూపొందించిన ఉపకరణం అది. రాగి గొట్టంలో గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. లోపల ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీలదాకా ఆగదు, గోరువెచ్చని వేడికే ఆవిరవుతుంది. ఆవిరి చల్లటి కొస దాకా పరుగెత్తి, వేడిని అక్కడ వదిలి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు ఉన్న వత్తిలాంటి పొర దీపం ఒత్తి నూనె పీల్చినట్టు ఆ నీటిని వెనక్కి లాక్కొస్తుంది. మోటారు లేదు, శబ్దం లేదు. పదేళ్లయినా అలాగే పనిచేస్తుంది. మామూలు ఇంటి కంప్యూటర్‌కు ఆరు పైపుల ఎయిర్ కూలర్ కన్నా నమ్మకమైనది లేదనడం ఇందుకే.

నీటితో చల్లబరిచే కూలర్ గురించి ఒక అపోహ బలంగా ఉంది, అది ఫ్రిజ్ లాంటిదని. కాదు. చిప్ దగ్గర వేడెక్కిన ద్రవాన్ని పంపు రేడియేటర్‌కు తీసుకెళ్తుంది, అక్కడ మళ్లీ గాలే దాన్ని చల్లబరుస్తుంది. గది గాలి కన్నా కింది ఉష్ణోగ్రతకు అది ఎప్పటికీ తేలేదు. దాని అసలు బలం రెండు విషయాల్లో ఉంది: 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు ఉన్న వైశాల్యం, ఆ వేడిని నేరుగా క్యాబినెట్ బయటకు వదలగలగడం. 250 వాట్ల చిప్‌ను గంటల తరబడి పూర్తి లోడ్‌లో నడిపేవాళ్లకు అది అవసరమే. అయితే బిగించేటప్పుడు పంపు మొత్తంలోకెల్లా ఎత్తులో ఉండకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ ద్రవం కొద్దికొద్దిగా తగ్గి లోపల గాలి బుడగ చేరుతుంది. అది పంపులోకి వస్తే గరగర శబ్దం, తర్వాత చావు.

క్యాబినెట్ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కలిసి 400 వాట్లు వదులుతున్నాయనుకుందాం. లోపలి గాలి బయటికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 33 లీటర్ల గాలి మారాలి. క్షణానికి రెండు బిందెల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలన్నమాట. ముందు పక్క నిగనిగలాడే గాజు పలక పెట్టి, పక్కన వేలెడు సందు మాత్రం వదిలిన డబ్బాలకు అది సాధ్యం కాదు. రంగు లైట్ల కోసం అలాంటివి ఎంచుకుని తర్వాత కూలర్‌ను తిట్టుకోవడం న్యాయం కాదు. జల్లెడలాంటి ముందు భాగం, లోపలికి ఊదే రెండు ఫ్యాన్లు, వెనక బయటికి ఊదే ఒకటి ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది.

ఇక గది. విదేశీ వెబ్‌సైట్లలో కూలర్ పరీక్షలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేస్తారు. కూలర్ చేసే పనంతా గది గాలికి పైన ఎంత అన్నదే. వాటుకు 0.2 డిగ్రీల చొప్పున పెరిగే కూలర్ కింద 200 వాట్ల చిప్ ఉంటే, గది కన్నా మూత 40 డిగ్రీలు పైన ఉంటుంది. చిప్ లోపలి పొరల్లో ఇంకో 25 డిగ్రీలు చేరతాయనుకుందాం. 25 డిగ్రీల గదిలో అది 90, హద్దులోనే ఉంది. రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 ఉన్న మే మధ్యాహ్నం ఏసీ లేని గది 38 ఉంటే అదే కూలర్ కింద 103 కావాలి. హద్దు దాటకూడదు కాబట్టి చిప్ వేగం తగ్గించుకుంటుంది. రివ్యూలో చదివిన కూలర్ మనింటికి వచ్చేసరికి ఒక మెట్టు చిన్నదవుతుంది. కొనేటప్పుడు దుకాణంలో ఈ 13 డిగ్రీల సంగతి ఎవరూ చెప్పరు.

ఏసీ ఉంటే వేరు. కానీ 500 వాట్లు తినే గేమింగ్ మిషన్ ఆ 500నూ వేడిగా మార్చి గదిలోకే వదులుతుంది. టన్నున్నర ఏసీ తోడేసే వేడి 5,300 వాట్ల దగ్గర ఉంటుంది, అందులో దాదాపు పదో వంతు ఈ ఒక్క డబ్బాకే పోతుంది. బిల్లు రెండు వైపులా పడుతుంది. నీళ్లు పోసే గది కూలర్ పొడి ఎండల్లో గాలిని బాగానే చల్లబరుస్తుంది, కంప్యూటర్‌కూ అది మేలే. దాని నోటికి ఎదురుగా మాత్రం డబ్బా పెట్టకూడదు. ఎగిరే తుంపర్లలో ఉప్పు నీళ్ల తెల్లపొడి ఉంటుంది, అది బోర్డ్ మీద పేరుకుంటుంది. దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే. అయితే తుడవాల్సిన చోటు తరచూ తప్పిపోతుంది. ఫ్యాన్ రెక్కలు తుడిచి ఊరుకుంటారు. ఫ్యాన్ తీసి చూస్తే దాని వెనక, అల్యూమినియం రెక్కల ముఖం మీద, బూడిదరంగు దుప్పటిలా ఒక పొర ఉంటుంది. గాలిని ఆపేది అదే.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా పుట్టిన వేడిని బయటికి తోడటం గురించే. అసలు పుట్టడమే తగ్గిస్తే? చిప్ ఖర్చుచేసే విద్యుత్తు వేగంతో సమంగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. పైగా చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజ్ బాగా పెంచాల్సి వస్తుంది. ఒక చిప్ 1.35 వోల్టుల దగ్గర 5.6 గిగాహెర్ట్జ్ పోతోందనుకుందాం. దాన్ని 1.20 వోల్టుల దగ్గర 5.2కు దించితే వేగం తగ్గేది 7 శాతం. ఈ లెక్క ప్రకారం విద్యుత్తు తగ్గేది నాలుగో వంతుకు పైనే. ఎన్ని వేలు పెట్టి కొన్న కూలరూ ఇంత వేడిని తగ్గించదు.

పరిశ్రమ ఈ పాఠం ఒకసారి గట్టి దెబ్బ తిని నేర్చుకుంది. 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ తరం పెంటియం 4 లు వేగం అంకె మీదే దృష్టి పెట్టి, 115 వాట్ల దాకా పోయాయి. 4 గిగాహెర్ట్జ్ తెస్తామన్న చిప్‌ను అదే ఏడాది రద్దు చేసుకున్నారు. 2006లో వచ్చిన కోర్ 2 డుయో తక్కువ గడియార వేగంతో, 65 వాట్లతో, అంతకు మించిన పని చేసి చూపించింది. తర్వాత పదిహేనేళ్లకు పోటీ మళ్లీ చివరి 5 శాతం దగ్గరికే వచ్చి చేరింది. రివ్యూ పట్టికలో ఒక గీత పైన ఉండటానికి ఫ్యాక్టరీలోనే చిప్‌ను అంచుదాకా నెడుతున్నారు. దాని ఖర్చు కొన్నవాళ్ల గదిలో వేడిగా తేలుతోంది.

మదర్‌బోర్డ్ తయారీదారులు దీనికి ఇంకొంత జోడించారు. ఐ9 14900కె కు ఇంటెల్ చెప్పిన హద్దు 253 వాట్లు. చాలా బోర్డ్‌లు ఆ హద్దును పట్టించుకోకుండా తీసేసి పంపేవి, చిప్ 300 వాట్లు దాటేది. 2024లో 13, 14వ తరం చిప్‌లు కొన్ని అస్థిరంగా మారి, గేములు మధ్యలో ఆగిపోవడం పెద్ద గొడవైంది. మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి సూచనలు) లోపం వల్ల చిప్ అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతోందని ఇంటెల్ తేల్చి, ఆగస్టు నుంచి సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కూలర్ ఎంత మంచిదైనా అధిక వోల్టేజ్ చేసే హానిని పూర్తిగా ఆపలేదు. ఆ తరం చిప్ వాడుతున్నవాళ్లు ఇప్పటికీ బయోస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకపోతే వెంటనే చేసుకోవాలి.

హద్దు దించడం కష్టమైన పని కాదు. ఏఎండీ బోర్డ్‌ల బయోస్‌లో ఎకో మోడ్ అని ఉంటుంది. 170 వాట్ల తరగతి చిప్‌ను 105 తరగతికి దించితే నిజంగా లాగేది 230 నుంచి 142 వాట్లకు పడిపోతుంది, ఎక్కువ పనుల్లో వేగం పోయేది కొద్ది శాతమే. ఇంటెల్ బోర్డ్‌లలో దీర్ఘకాల, స్వల్పకాల పవర్ లిమిట్లు రెండు ఉంటాయి. రెంటినీ 150 దగ్గర పెట్టి చూడొచ్చు. గేముల్లో ప్రాసెసర్ సాధారణంగా ఆ హద్దు దాకా రానే రాదు కాబట్టి అక్కడ తేడా పెద్దగా తెలియదు. 600 వీఏ యూపీఎస్ మీద నడిపేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. కరెంటు పోయిన క్షణంలో లోడ్ మోయలేక మిషన్ ఆగిపోయే బాధ తగ్గుతుంది. కోపంతోనో ఆత్రంతోనో వోల్టేజ్‌ను నేరుగా బాగా తగ్గించేయడం మాత్రం మంచిది కాదు. కొద్దికొద్దిగా దించుతూ ప్రతిసారీ గంటసేపు లోడ్ పెట్టి చూడాలి. ముందుగా పవర్ లిమిట్ తగ్గించి, చాలకపోతేనే వోల్టేజ్ జోలికి పోవాలి.

బ్రౌజర్ తెరిచిన క్షణంలో అంకె 45 నుంచి 75కు ఎగిరి మళ్లీ దిగడం చూసి కంగారు పడక్కర్లేదు. గోరంత చోటు కాబట్టి అలాగే ఎగురుతుంది. ఆ ప్రతి ఎగురుడుకీ ఫ్యాన్ హోరెత్తుతుంటే, బయోస్‌లో ఫ్యాన్ స్పందనను మూడు నాలుగు సెకన్లు ఆలస్యం చేస్తే గది ప్రశాంతమవుతుంది. చూసుకోవాల్సింది పది నిమిషాల నిరంతర లోడ్ తర్వాత గడియార వేగం ఎక్కడ నిలబడింది, వాట్లు ఎన్ని, గది ఎంత వేడిగా ఉంది అన్న మూడు అంకెల్ని. వాటిని డిసెంబరు రాత్రి ఒకసారి రాసుకుని, మే నెల మధ్యాహ్నం మూడింటికి కిటికీ తెరిచి మళ్లీ రాసుకోవాలి. కూలర్ మార్చాలా, హద్దు దించాలా అన్నది ఆ రెండో కాగితం చూసి తేల్చుకోవాలి.